డిసెంబరు 29 నాటి వర్తమానం: టీకా తాత్పర్య సహితం

మూలం:

“ప్రియమైన సహోదరునికి ప్రభువు నామమున వందనములు. మొన్న పంపిన వర్తమానము అందినదని తలంచుచున్నాము. సంవత్సరాంతము సమీపించుచున్నది. ప్రభువు ప్రేరేపించిన కొలది, వీలైతే, పరిచర్యను జ్ఞాపకము చేసుకొనగలరు. లింకు దిగువన.”

అవతారిక. గుంటూరులో రెండు గదుల పరిచర్య ఆఫీసు ఒకటి. అక్కడి నుంచి డల్లాస్‌లో ఉండే తెలుగు విశ్వాసికి ఈ గ్రంథం వాట్సాప్‌లో వెళ్ళింది. గ్రంథకర్త ఆఫీసు లెక్కలు చూసే అక్క. పాస్టరు అయ్యగారు అంతకుముందు రాసిన మూడు పేజీల ఉత్తరానికి జవాబు రాలేదు కాబట్టి ఈ రెండో రచన పుట్టింది. వాడుకలో దీన్ని ‘ఫాలోఅప్’ అంటారు.

‘సహోదరునికి’ అన్నది సంబోధన. ఒక తల్లి బిడ్డలే కానక్కరలేదు, చందాల పుస్తకంలో పేరున్న మగవాళ్ళంతా సహోదరులే. అయితే చాలా ఉత్తరాలు ఈ మొదటి మాట దగ్గరే చతికిలపడతాయి. ఇంటి పేరైనా లేకుండా అరవై మందికీ ఇదే తోసినదని, పైనున్న ‘ఫార్వర్డెడ్’ బాణం గుర్తు చూడగానే డల్లాస్ సహోదరుడికి తెలిసిపోతుంది.

‘మొన్న’ అంటే ఇక్కడ నాలుగు వారాల కిందట. ఆ రోజు థాంక్స్‌గివింగ్ తర్వాతి మంగళవారం, అమెరికాలో దాన్ని ‘గివింగ్ ట్యూజ్‌డే’ అంటారు. 2012లో న్యూయార్క్‌లో పుట్టిన ఆచారం. అంతకు ముందు శుక్రవారం దుకాణాలకు, సోమవారం ఆన్‌లైన్ అంగళ్ళకు పోయాక, మిగిలింది దానధర్మాలకన్నమాట. ‘అందినదని తలంచుచున్నాము’ అన్నది వ్యాజోక్తి. తలంచడానికేముంది? రెండు టిక్కులూ నీలంగా మారి ఇరవై ఏడు రోజులైంది.

ఇక్కడ పూర్వపక్షం ఒకటుంది. అడగడమే తక్కువ, రెండోసారి అడగడం విశ్వాసానికి లోటు కాదా అని. సంఘంలో పెద్దాయన ఎవరో ఒకరు ఈ మాట అననే అంటారు.

సమాధానానికి అక్క ఎక్కడికో వెళ్ళనక్కరలేదు. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో 8, 9 అధ్యాయాలు రెండూ ఫాలోఅప్పే. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం కొరింథు వాళ్ళు ఏడాది ముందే చందా మొదలెట్టారు, పూర్తి చేయలేదు. పౌలు ఎత్తుకున్న తీరు చూడాలి. మీ ఉత్సాహం గురించి మాసిదోనియ వాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకున్నాను, రేపు వాళ్ళు నా వెంట వచ్చినప్పుడు మీరు సిద్ధంగా లేకపోతే నా తల ఎక్కడ పెట్టుకోను అన్న ధోరణి. పైగా తీతును ముందుగా పంపాడు. తోడుగా మరో ఇద్దరు సహోదరుల్ని కూడా పంపాడు, డబ్బు విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని. ఇవాళ్టి ఆడిటర్లకు ఆ ఏర్పాటు ఎంతో నచ్చుతుంది. ఫలితం? రోమీయులకు రాసిన పత్రిక 15వ అధ్యాయంలో ఒక్క ముక్కలో తేలుతుంది: మాసిదోనియ వాళ్ళూ అకయ వాళ్ళూ ఇచ్చారట. కొరింథు ఉన్నది అకయలోనే.

‘సంవత్సరాంతము’. ఈ పదంలో శ్లేష ఉంది, గ్రంథమంతటికీ జీవం ఇదే. గుంటూరు ఆడిటరుకు సంవత్సరాంతమంటే మార్చి 31. డల్లాస్ సహోదరుడికి డిసెంబరు 31. ఆ రోజు పోస్టులో వేసిన చెక్కు జనవరిలో చేరినా పాత ఏడాది పన్ను లెక్కలోకే వస్తుంది. క్రెడిట్ కార్డు అయితే, బిల్లు ఎప్పుడు కట్టినా, గీకిన రోజే లెక్క. అయితే ఆ దేశంలో పన్ను మినహాయింపు కావాలంటే కానుక అక్కడ నమోదైన సంస్థకే చేరాలి. అందుకే దిగువనున్న లింకు గుంటూరుది కాదు, అక్కడి భాగస్వామ్య సంస్థది.

ఒకే డబ్బు, మనిషి చేతిలోని పాస్‌పోర్టును బట్టి జాతి మార్చుకుంటుంది. డల్లాస్‌లో ఒకే వీధిలో అన్నదమ్ములున్నారనుకుందాం. అన్న ఇంకా భారత పౌరుడు. ఆయన తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా నేరుగా గుంటూరుకు పంపేది విదేశీ విరాళం కాదు. తమ్ముడు అమెరికా పౌరసత్వం పుచ్చుకున్నాడు. అతను పంపేది విదేశీ విరాళమే. అది అందుకోవాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే ముందుగా దిగాలి. అక్క పుస్తకంలో ఈ ఇద్దరివీ వేర్వేరు పేజీలు. తల్లి మాత్రం ఇద్దరికీ ఒకరే, తెనాలిలో ఉంటుంది.

ఇంకో విశేషం. అమెరికాలో 250 డాలర్లు, ఆపైన ఇచ్చినవారు మినహాయింపు కోరాలంటే సంస్థ నుంచి రాతపూర్వకమైన రసీదు ఉండాలి. ఇచ్చినదానికి బదులుగా ఏం ముట్టిందో అందులో చెప్పాలి. మత సంస్థల నుంచి ముట్టింది కేవలం కంటికి కనబడని ఆధ్యాత్మిక ప్రయోజనమే అయితే ఆ మాట రాస్తే చాలు, వెల కట్టనక్కరలేదు. అగోచరమైన దాన్ని నిర్వచించే పనిని వేదాంతుల చేతిలోంచి పన్నుల శాఖ ఎప్పుడు లాక్కుందో గానీ, మూడు ముక్కల్లో తేల్చేసింది.

‘ప్రేరేపించిన కొలది, వీలైతే’. రెండూ తలుపులే. మొదటిది లోపలికి, రెండోది బయటికి. పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ‘వీలైతే’ లేదు, ‘తప్పక’ అని ఉంది. ఆ ప్రతులకు జవాబులు రావు.

‘జ్ఞాపకము చేసుకొనగలరు’. మూలమంతా గాలించినా డబ్బు అన్న మాట దొరకదు. క్రియ ఒక్కటే, జ్ఞాపకం. ఈ క్రియకు తెలుగు నేల మీద పాత చరిత్రే ఉంది. 1853లో అమెరికా బాప్టిస్టులు ఆల్బనీలో సమావేశమై, విశ్వాసులు చాలా కొద్దిమందే అయిన నెల్లూరు మిషన్‌ను ఇక ఎత్తేద్దామా అని తర్జనభర్జన పడ్డారు. పటం మీద అది ఒంటరి చుక్కలా ఉందన్న మాట వచ్చింది. శామ్యూల్ ఎఫ్. స్మిత్ అనే పాస్టరు, కవి, ఆ చుక్క మీదే పద్యం కట్టాడు. మిషన్ నిలబడింది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దాతల మనసు తిప్పిన ఆ పద్యంలో లెక్కల పట్టిక లేదు.

అక్కకు పద్యాలు రావు. ఆవిడ దగ్గర రెండొందల పేజీల రూళ్ళ పుస్తకం ఉంది. పేరు, మొత్తం, తేదీ గడుల పక్కన గీత కొట్టి ఎర్ర పెన్నుతో ఇంకో గడి తెరిచింది. డల్లాస్ సహోదరుడి వరుసలో అక్కడ “అమ్మకు మోకాలి ఆపరేషన్, కుడి కాలు” అని ఉంది. 29న పంపిన వర్తమానం కింద, అడిగినవన్నీ అయ్యాక, ఆవిడ ఇంకో వాక్యం కొట్టింది: “అమ్మగారు మెట్లెక్కుతున్నారా?” మూలంలో ఇది కనబడకపోవడానికి కారణం, అది వేరే సందేశంగా వెళ్ళడం.

దానికి “ఆమెన్” అని జవాబు వచ్చింది. ఇది దేనికి ఆమెన్ అన్న విషయంలో ఆఫీసులో ఏకాభిప్రాయం కుదరలేదు. కానుకకని అయ్యగారు, వందనాలకని టైపిస్టు, చూడకుండా నొక్కారని అక్క.

31న వాచ్‌నైట్ ఆరాధన ముగిసింది. అందరూ వాగ్దాన వచనం కార్డులు తీసుకుని, కేకు ముక్క తిని, ఇళ్ళకు వెళ్ళి పడుకున్నారు. గుంటూరులో కొత్త ఏడాది వచ్చేనాటికి డల్లాస్‌లో 31 మధ్యాహ్నం పన్నెండున్నర. పాత ఏడాది అక్కడ ఇంకా పదకొండున్నర గంటలు మిగిలే ఉంది.

ఒకటో తేదీ పొద్దున పదకొండుకు అక్క ఫోను మోగింది. “అక్కా, అమ్మ నిన్న చర్చి మెట్లెక్కిందంట. లింకు ఈ హ్యాపీ న్యూ ఇయర్ బొమ్మల కింద ఎక్కడో పోయింది, మళ్ళీ పంపవా. ఇంకో అరగంటే ఉంది.”