వెనక బ్రేకు, ముందు అల్లుడు

బీఎంఎక్స్ సైకిలుకు బ్రేకు ఉండడం మా మనవడి దృష్టిలో నామోషీ. ముందు బ్రేకు ఎలాగూ లేదు, ఆ జాతి సైకిళ్లకు సాధారణంగా ఉండదు. వెనకదాన్ని కూడా వాడే ఊడబెరికి ఎక్కడో పారేశాడు. స్కేట్ పార్కులో పెద్ద కుర్రాళ్లకు బ్రేకులు లేవట. ఆగాలంటే బూటు అడుగు వెనక టైరుకు ఆనిస్తారట. ఈ విద్య నాకు తెలియదన్నట్టు కాలు ఎత్తి మరీ చూపించాడు. గోదావరి గట్టు మీంచి అద్దె సైకిలు దిగువకు వదిలినవాళ్లలో హవాయి చెప్పు అరగని వాడెవడు? మేం ముందు టైరుకు ఆనించేవాళ్లం, వీళ్లు వెనక టైరుకు ఆనిస్తున్నారు, తేడా అంతే. మాకు ఇంటికెళ్లాక వీపు విమానం మోత మోగేది. వీళ్ల ఆటకు ఒలింపిక్స్‌లో పతకాలిస్తున్నారు. రేసులు 2008లో బీజింగ్‌లోనే చేరాయి. గాల్లో పల్టీలు కొట్టే రకం 2021లో జరిగిన టోక్యో ఆటల్లో చేరింది.

మా అమ్మాయికి ఒలింపిక్స్ అక్కర్లేదు. బ్రేకు లేని సైకిలు గ్యారేజీ దాటడానికి వీల్లేదంది. దాంతో అల్లుడుగారు రంగంలోకి దిగారు.

ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. ఏ పనైనా చరిత్రతో మొదలుపెడతారు. అమెరికాలో వాళ్లుండే అర్వైన్‌కు కాస్త దూరంలోనే ఉన్న లాంగ్‌బీచ్‌లో 1970లో స్కాట్ బ్రైటాప్ట్ అనే పదమూడేళ్ల కుర్రాడు ఖాళీ జాగాలో తోటి పిల్లల్ని పోగేసి సైకిలు పందేలు పెట్టాడని చెప్పారు. మరుసటి ఏడాది వచ్చిన ‘ఆన్ ఎనీ సండే’ అనే మోటారు సైకిళ్ల డాక్యుమెంటరీలో పిల్లలు బుల్లి సైకిళ్లతో మట్టిదిబ్బల మీద ఎగరడం చూసి దేశంలో పిల్లలందరికీ ఆ పిచ్చి పట్టిందట. పదమూడేళ్లవాడు మొదలెట్టిన ఆటలో బ్రేకులకు గౌరవం లేకపోవడం వింతేం కాదు. అయినా రేసుల్లో పాల్గొనాలంటే వెనక బ్రేకు ఉండి తీరాలి. ఈ ముక్క మనవడికి వినపడేలా రెండుసార్లు చదివించాను.

మా కాలంలో సైకిలు బ్రేకంటే ఇనప కడ్డీలు. పిడి నొక్కితే కడ్డీ పైకి లేచి, రబ్బర్లు రిమ్మును లోపలివైపు నుంచి ఒత్తేవి. వదులైతే సైకిలు షాపతను బీడీ నోట్లోంచి తీయకుండానే ఒక నట్టు తిప్పి, చక్రాన్ని ఒక్క విసురు విసిరి, ‘ఇక పో’ అనేవాడు. అల్లుడుగారు ఆన్‌లైన్‌లో తెప్పించిన డబ్బాలో రెండు వంకర చేతులు, రెండు స్ప్రింగులు, రెండు రబ్బర్లు, ఒక వైరు, దాని మీద తొడిగే గొట్టం, ఇంకా గుప్పెడు వాషర్లు ఉన్నాయి. కాగితంలో ఒక్క అక్షరం లేదు, అన్నీ బాణం గుర్తులే. గ్యారేజీ గోడకు ఖరీదైన డ్రిల్లు మిషన్ వేలాడుతోంది గానీ, పదో నంబరు పానా మాత్రం లేదు. పక్కింటి నుంచి తెచ్చాం. ఐదు మిల్లీమీటర్ల ఎల్ కీ కొత్త సోఫాతో పాటు వచ్చింది కనక బతికిపోయాం.

చేతులు బిగించడం తేలికే. ఫ్రేముకున్న రెండు మొలకలకు కాస్త గ్రీజు రాసి తొడిగి, బోల్టు వేస్తే సరి. అసలు తంటా వైరు దగ్గర. అల్లుడుగారు దాన్ని వంటింటి కత్తెరతో కత్తిరించారు. కొస పురి విడిపోయి తీగ తీగా ఒక్కో దిక్కుకు తిరిగింది, గొట్టంలో దూరనంది. ఇంకో వైరు, దాంతో పాటు వైరు కోసే కట్టరు తెప్పించాక గానీ కథ ముందుకు సాగలేదు.

ఆ తర్వాతే తెలిసింది, ఈ పనికి మనిషికి మూడు చేతులుండాలని. రెండు రబ్బర్లనీ రిమ్ముకు ఒత్తి పట్టడానికి ఒకటి, వైరును పటకారుతో లాగి పట్టడానికి ఒకటి, నట్టు బిగించడానికి ఒకటి. దుకాణాల్లో మూడో చెయ్యికి బదులు ఒక క్లిప్పు అమ్ముతారు. మా ఇంట్లో మామగారున్నారు.

“మామయ్యగారూ, ఇది కొంచెం ఒత్తి పట్టుకుంటారా?”

“పట్టుకుంటాను గానీ బాబూ, చైను వదులుగా ఉన్నట్టుందే. ముందు దాని సంగతి...”

“అది తర్వాత చూద్దామండీ, నేను చూసిన వీడియోలో చైను గురించి చెప్పలేదు.”

అల్లుడితో రెండోసారి వాదించే మామ మా వైపు ఇంకా పుట్టలేదు. నోరు మూసుకుని రబ్బర్లు ఒత్తి పట్టుకున్నాను.

వైరు బిగిసింది. పిడి వదిలితే కుడి రబ్బరు బుద్ధిగా వెనక్కి జరిగింది, ఎడమది రిమ్మును వదల్లేదు. ఎడమ స్ప్రింగు బిగిస్తే ఎడమది వదిలింది, కుడిది వచ్చి అతుక్కుంది. బ్యాంకులో సాయంత్రం క్యాషు టాలీ కాని రోజుల్లో, ఒక లెడ్జరులో దిద్దితే ఇంకో లెడ్జరులో తేడా పడేది, అచ్చం అదే బాధ. అల్లుడుగారు ప్రతిసారీ సగం చుట్టు తిప్పుతున్నారు. పావు చుట్టు కూడా ఎక్కువే. గోరంత తిప్పి, పిడి నొక్కి వదిలి చూసి, మళ్లీ గోరంత తిప్పాలి. చివరికి రెండు వైపులా సన్నటి వెలుతురు గీత కనిపించింది.

చక్రం తిప్పి పిడి నొక్కితే కీచుమని వీధంతా వినపడింది. వెంటనే అల్లుడుగారు నూనె స్ప్రే డబ్బా ఎత్తారు. రిమ్ముకు నూనె తగిలితే ఆ బ్రేకు ఉన్నా లేనట్టే. ‘ఏం నూనె బాబూ ఇది, చూడనీ’ అని అందుకుని, పేరు చదువుతున్నట్టు నటించి, నా కుర్చీ కింద పెట్టేసుకున్నాను. కీచుకు మందు వేరే ఉంది. రబ్బరు వెనక కొసకూ రిమ్ముకూ మధ్య మడిచిన విజిటింగ్ కార్డు పెట్టి రబ్బరు బిగించి, కార్డు లాగేయాలి. అప్పుడు రబ్బరు ముందు కొస ముందుగా తగులుతుంది, అరుపు ఆగుతుంది. అల్లుడుగారి కార్డుల మీద ఆయన హోదా చాలా పొడుగ్గా ఉంది, మడిచినా సరిపోయింది.

మనవడు మొహం ముడుచుకునే సైకిలెక్కాడు. డ్రైవ్‌వే చివర పిడి నొక్కాడు. వెనక చక్రం బిగుసుకుపోయి, సైకిలు పక్కకు జారి, కాంక్రీటు మీద నల్లటి చార పడింది. “తాతయ్యా! చూశావా!” అని అరిచాడు. బ్రేకంటే ఆగడానికని మేం అనుకున్నాం, జారడానికని వాడికి అర్థమైంది. నామోషీ సంగతి అక్కడితో సరి.

మర్నాడు చైను ఊడింది. అల్లుడుగారు ఇరుసు నట్లు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, చైను చక్కగా బిగించారు. చక్రం వెనక్కి జరిగింది గానీ, బ్రేకు ఫ్రేము మీదే ఉండిపోయింది. నిన్నటిదాకా రిమ్ముకు తగిలిన రబ్బర్లు ఇవాళ అంచు దాటి టైరును ఒరుసుకుంటున్నాయి. అలా వదిలేస్తే టైరు పక్కలు కోసుకుపోతాయి. అంటే రబ్బర్లు మళ్లీ విప్పాలి, మళ్లీ స్ప్రింగులు, మళ్లీ గోరంత, మళ్లీ విజిటింగ్ కార్డు. ఆయన నా వంక చూశారు. నేను ఆకాశం వంక చూశాను.

కాబట్టి పాఠక మహాశయులారా, బీఎంఎక్స్ సైకిలు ఏ ఊళ్లో ఉన్నా ముందు చైను బిగించండి, ఆ తర్వాతే బ్రేకు జోలికి వెళ్లండి. ఈ వరుస అల్లుడుగారికి చెప్పే ధైర్యం మీకు లేకపోతే, కూతురి చేత చెప్పించండి.