పై వాయిదా

మా ప్లీడరు గారి బోర్డు మీద పేరు కంటే డిగ్రీలే పొడుగు. బి.యస్సీ. అయ్యాక ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, ఊరికే కూర్చోవడం ఎందుకని లా చదివారట. తర్వాత ఎనిమిదేళ్లు సీనియరు గారి ఫైళ్లు మోశారు. ఆ ఎనిమిదేళ్లలో చట్టం ఎంత వంటబట్టిందో నాకు తెలీదు గానీ, గౌను భుజం మీదికి ఎగదోసుకోవడం మాత్రం అచ్చం సీనియరు గారే.

వేసవిలో కింది కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదు. అయినా రోహిణి కార్తెలో కూడా మా ప్లీడరు గారు విప్పరు. విప్పితే క్లయింట్లు గుర్తుపట్టరని భయం. వకీళ్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదన్న బార్ కౌన్సిల్ నిబంధనను అక్షరాలా పాటిస్తారు. ఆ పని గుమాస్తా చూసుకుంటాడు, బస్టాండు పక్క టీకొట్లో. ఫీజు మాట కూడా ఆయన నోట రాదు. "వాడితో మాట్లాడండి" అని కిటికీలోంచి బయటికి చూస్తారు.

నా కేసు చిన్నది. మా పెరట్లో మునగచెట్టును పక్కింటాయన కొట్టేస్తానన్నాడు. "ఆర్డరు ముప్పైతొమ్మిది, రూలు ఒకటీ రెండూ! రేపే ఇంజంక్షన్!" అని ప్లీడరు గారు నన్ను అదే చెట్టు ఎక్కించారు. నిజం చెప్పొద్దూ, ఇంజంక్షన్ వారంలోనే తెచ్చారు. అవతలివాళ్ల మాట వినకుండా ఇచ్చిన ఉత్తర్వు సంగతి ముప్పై రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలని చట్టం. ఆ ముప్పై రోజులు మొదలై నాలుగేళ్లయింది.

ఒక్కో పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదన్న రూలు కూడా ఉంది. పదిహేడో ఆర్డరు. అవతలి ప్లీడరు వాయిదా అడిగిన రోజున మా ప్లీడరు గారు దాన్ని దండకంలా చదువుతారు. తనకు కావలసిన రోజున గొంతు పట్టేస్తుంది. సాయంత్రం ఇద్దరూ బార్ రూములో ఒకే ప్లేటులో పకోడీలు తింటుంటే చూశాను. అప్పుడు గొంతు బాగానే ఉంది.

అలవాటు ఇంటిదాకా పాకింది. "గ్యాసు బుక్ చేశారా?" అని వాళ్లావిడ అడిగితే "కౌంటరు వేస్తాను, టైమివ్వు" అంటారు.

ఆయనకూ ఒక కష్టం వచ్చిపడింది. 2024 జులై 1న కొత్త న్యాయ సంహిత అమల్లోకొచ్చి, నోటికొచ్చిన సెక్షన్ల నంబర్లన్నీ మారిపోయాయి. మోసానికి 420 పోయి 318 వచ్చింది. "ఇది తిట్టడానికైనా పనికొస్తుందా అండీ?" అని ఆ రోజు నిజంగానే బాధపడ్డారు.

మొన్న గాలివానకు మునగచెట్టు కూలింది. పీడా విరగడైందని పరుగెత్తుకెళ్లి చెప్పాను. ప్లీడరు గారు కళ్లజోడు తీసి తుడిచారు.

"ఎటు పడింది?"

"పక్కింటి గోడ మీద."

"గోడ?"

"నాలుగు బారలు విరిగిందండీ."

నాలుగేళ్లలో ఆయన ముఖంలో అంత కళ ఎన్నడూ చూళ్లేదు. "ఇన్నాళ్లూ మీరు వాదులే. ఇక ప్రతివాదులు కూడా!" అంటూ సొరుగులోంచి కొత్త వకాల్తా తీశారు.

గుమాస్తా అప్పటికే పెన్ను మూత తీసి నిలబడ్డాడు.