బాణం గుర్తు

మా అక్క కొడుకు తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. మొన్న ఆదివారం ఏలూరు వచ్చి, పెట్టిన పెసరట్టు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ల్యాప్‌టాప్ తెరిచాడు. “మావయ్యా, మేం నలుగురం కలిసి ఓ గేమ్‌కి మోడ్ చేస్తున్నాం. మొదటి లెవెల్ అయింది. ఆడి ఎలా ఉందో చెప్పు” అన్నాడు. కథేంట్రా అంటే, ఏదో గ్రహం నుంచి వచ్చిన నౌక కొల్లేట్లో కూలిందట. దాంతో నీళ్ళలో ఏదో కలిసి చేపలకి కాళ్ళొచ్చాయట.

నాకు ప్రాణం లేచొచ్చింది. కొల్లేరు, తుపాకీ, గట్టెక్కి నడిచొచ్చే కొరమేను! కుర్చీ ముందుకి లాక్కున్నాను.

ఆట మొదలైందో లేదో, తెర మీద ఆకుపచ్చ బాణం. ‘ఇటు వెళ్ళు’ అని. చెవిలో రేడియో వాడొకడు. “నువ్విప్పుడు కొల్లేటి గట్టు మీద ఉన్నావు. చుట్టూ నీళ్ళున్నాయి” అంటున్నాడు. ఒరే, నాకు శుక్లాల ఆపరేషన్ అయిన మాట నిజమే గానీ, నీళ్ళు కనబడనంత కాదురా! పది అడుగులు వేశానో లేదో ఆట ఆగిపోయి సినిమా మొదలైంది. అందులో నా బదులు ఇంకెవడో ఆ కొరమేనుని కాల్చి చంపాడు. నేను చేతులు కట్టుకుని చూశాను.

“దీన్ని దాటెయ్యడం ఎలాగరా?”

“దాటెయ్యకూడదు మావయ్యా. కథంతా అందులోనే ఉంది.”

అక్కడ ఒళ్ళు మండింది నాకు.

మా రోజుల్లో డూమ్ అనే తుపాకీ ఆట ఆడేవాళ్ళం. అది 1993 డిసెంబరులో వచ్చింది. ఏలూరు దాకా నడిచి రావడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. పవర్‌పేటలో నేను కంప్యూటరు నేర్చుకున్న సెంటర్లో, సారు మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళగానే ఫ్లాపీలు బయటికొచ్చేవి. ఒక కీబోర్డుకి ఇద్దరం. ఒకడు నడిపేవాడు, ఇంకొకడు కాల్చేవాడు. ‘ఐడీడీక్యూడీ’ అని కొడితే చావే ఉండదని తెలిసిన రోజున పక్క బ్యాచ్ వాళ్ళ దగ్గర మా పరపతి ఎంత పెరిగిందో ఇప్పుడు చెప్పినా మీరు నమ్మరు.

ఆ ఆటలో మొదటి లెవెల్ జాన్ రొమెరో కట్టింది. అందులో ఓ కిటికీ ఉంటుంది. కిటికీ బయట పెరడు, పెరట్లో నీలం రంగు కవచం. కళ్ళెదురుగానే ఉంటుంది, వెళ్ళడానికి తలుపు మాత్రం ఉండదు. దారెక్కడో గోడ వెనక దాచాడు మహానుభావుడు. నాలుగు మధ్యాహ్నాలు గోడలన్నీ తట్టుకుంటూ తిరిగాం. దొరికినప్పుడు పక్కన ట్యాలీ నేర్చుకుంటున్న అమ్మాయిలు ఉలిక్కిపడేలా కేకలేశాం. అక్కడ బాణం పెట్టి ఉంటే పది సెకన్లలో తీసుకుని, పదకొండో సెకనులో మర్చిపోయేవాళ్ళం.

ఆ కాలంలో కథలు గొప్పగా ఉండేవని మాత్రం అనను. అబద్ధమెందుకు? డూమ్‌కి టామ్ హాల్ అనే ఆయన పెద్ద గ్రంథమే రాస్తే, మిగతావాళ్ళు అది పక్కన పడేశారు. ఆయన ఆట పూర్తి కాకుండానే కంపెనీ వదిలి వెళ్ళిపోయాడు. మిగిలిన కథ పోస్టుకార్డు మీద పడుతుంది. కథ లేకపోయినా చోటు ఉండేది. ఆ గదిలోంచి ఈ గదికి రావడమే మాకు కథ.

ఇంకో మంచిపని చేశారు వాళ్ళు. లెవెళ్ళూ బొమ్మలూ అసలు ప్రోగ్రాములో కలిపేయకుండా ‘వాడ్’ అనే వేరే ఫైళ్ళలో పెట్టారు. దాంతో 1994లోనే అభిమానులు డీఈయూ అనే ఎడిటరు రాసి జనం మీదకి వదిలారు. అది ఓ పత్రికతో వచ్చిన సీడీలో నా చేతికి దొరికింది. అందరిలాగే నేనూ మొదట కట్టింది మా ఇల్లే. రామచంద్రరావుపేటలో మాది డాబా ఇల్లు, పైన ఒక గది. తీరా చూస్తే డూమ్‌లో గది మీద గది కట్టడం కుదరదు! ప్రతి చోటుకీ ఒక నేల, ఒక కప్పు. అంతే లెక్క. మేడ మెట్లు ఎక్కితే పైన ఆకాశమే. రాత్రంతా కూర్చుని కట్టి మా నాన్నగారికి చూపిస్తే, “అంతా బానే ఉంది గానీ, మేడ మీద గది ఏదిరా? అప్పు చేసి కట్టించాను” అన్నారు. ఆయనకి ఇంజను పరిమితుల గురించి నేనేం చెప్పను?

గీసిన ప్రతిసారీ లెక్కలు కట్టడానికి ఆ 486 కంప్యూటరు సుస్తీ చేసిన దూడలా మూలిగేది. అది ముగిసేలోపు వీధి చివరికెళ్ళి టీ తాగి రావొచ్చు. తాగి వచ్చేసరికి కరెంటు పోయి ఉండేది.

రెండో మ్యాపు గూడెం రన్‌వే. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆ రన్‌వేని చూసినప్పుడల్లా ఇక్కడే ఏ నౌకో దిగాలి అనిపించేది నాకు. గీత కొట్టినట్టు పొడుగ్గా కట్టాను. ఆడినవాళ్ళందరూ ఆవలించారు. ఇటు చివర నిలబడితే అటు చివర రాక్షసుడు కనిపిస్తాడు, వాడు వచ్చేదాకా గోళ్ళు గిల్లుకోవడమే. నక్కడానికి చాటు లేదు, తిరగడానికి మలుపు లేదు. మొదటిసారి బుద్ధొచ్చింది. ఉన్న చోటుని ఉన్నట్టు దించితే లెవెల్ అవదు. వీధిలో ఏ మలుపు దగ్గర మనిషి ఆగి చూస్తాడో, ఏ గోడ చాటున భయపడతాడో పట్టుకోవాలి.

అప్పట్లో అలా గీసుకుంటూ పైకొచ్చినవాళ్ళున్నారు. 1996లో వచ్చిన ఫైనల్ డూమ్‌లో లెవెళ్ళన్నీ దాదాపు అభిమానుల చేతివే. అందులో సగం కసాలీ అన్నదమ్ములిద్దరు కట్టారు. వాళ్ళలో డారియో తర్వాత వాల్వ్ కంపెనీకి వెళ్ళి హాఫ్-లైఫ్‌లో పనిచేశాడు. నేను ఎల్‌ఐసీ ఏజెంటునయ్యాను. సరే, ఆ సంగతి ఇప్పుడెందుకు.

హాఫ్-లైఫ్ 1998 నవంబరులో వచ్చింది. అసలు 97లోనే రావాల్సింది, బాగాలేదని చేసినదాంట్లో చాలా భాగం పారేసి మళ్ళీ మొదలెట్టారు. మావాడికి ఈ ముక్క రెండుసార్లు చెప్పాను. మొదట్లో ఓ ట్రామ్ ఎక్కిస్తారు. తుపాకీ లేదు, శత్రువు లేడు. ఏలూరులో గూడెం పాసింజరెక్కి దెందులూరు, భీమడోలు, పూళ్ళ చూసుకుంటూ పోయినట్టు అద్దంలోంచి చూస్తూ కూర్చోవాలి. దిగాక గదులు, పలకరించే మనుషులు. తర్వాత అక్కడ చేసే ఓ ప్రయోగం వికటిస్తుంది. పొద్దున్న పలకరించిన ఆ గదుల్లోంచే, పగిలిన అద్దాల మీద నడుచుకుంటూ వెనక్కి రావాలి. హీరో ఫ్రీమన్ ఆట మొత్తంలో ఒక్క మాట మాట్లాడడు. తెర అతని కళ్ళు వదిలి ఎక్కడికీ పోదు. కథ రాసిన మార్క్ లైడ్‌లా నవలా రచయిత. నవలలు రాసేవాడే అంత నోరు కట్టుకుంటే, మా గూడెం కుర్రాళ్ళకి ఏమొచ్చిందంట!

అభిమానుల పని అంటే ఏంటో చూడాలంటే బ్లాక్ మెసా చూడమన్నాను. ఆ హాఫ్-లైఫ్‌నే కొత్త ఇంజనులో మొదటి గోడ నుంచి మళ్ళీ కట్టారు. సొంత తీరికలో, డబ్బు ఆశ లేకుండా మొదలెట్టిన పని. 2012 సెప్టెంబరులో ఉచితంగా వదిలారు. అప్పటికీ చివరి భాగం, జెన్ అనే వేరే లోకం, లేదు. అసలు ఆటలో జెన్ గాల్లో తేలే రాళ్ళ మీద గెంతడం తప్ప పెద్దగా ఏమీ కాదు. దాన్ని అలాగే దించేస్తే అడిగేవాడు లేడు. వీళ్ళు మాత్రం దాన్ని దాదాపు కొత్తగా కట్టి, 2020 మార్చిలో పూర్తి ఆట ఇచ్చారు. అందులోనూ నాకో ఫిర్యాదు ఉంది లెండి. పట్టాల మీద బండి నడిపే అధ్యాయం విసుగ్గా ఉందని బాగా కత్తిరించేశారు. ఆ విసుగే దాని రుచి. దాన్ని మళ్ళీ అతికించడానికి ఇంకో అభిమాని పూనుకోవాల్సొచ్చింది. చూశారా, మా జాతి ఇంకా బతికే ఉంది.

ఇవన్నీ విని మావాడు, “మావయ్యా, ఇప్పుడు జనానికి ఓపిక లేదు. దారి తెలీకపోతే ఆట మూసేస్తారు” అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. పదరా అని బండెక్కించి గుడివాకలంక వైపు తీసుకెళ్ళాను.

కొల్లేటి చుట్టూ చేపల చెరువుల గట్లు ఎక్కినవాళ్ళకి తెలుసు. ఏ గట్టు చూసినా ఒకటే, ఏ మలుపు చూసినా ఒకటే. లెవెల్ కట్టడంలో ఇంతకంటే పాపం లేదు. మావాడు పావుగంటలో దారి తప్పాడు. నేను ఫోను తియ్యనివ్వలేదు. కాసేపు గింజుకుని, “ఇందాక ఆ వంగిన తాటిచెట్టు ఎడమచేతి వైపు కదా ఉంది” అన్నాడు. ఆ తాటిచెట్టేరా బాణం! మోటారు షెడ్డు బాణం. గాలికి వచ్చే మేత వాసన బాణం. వేరే బాణం ఎందుకు నీకు? దూరంగా గూడబాతులు గుంపుగా లేచాయంటే అక్కడెవడో దోనె తోస్తున్నాడని అర్థం. లంకల్లో పిల్లలకి ఎవడూ రేడియోలో చెప్పడు ఈ సంగతి.

కథ కావాలన్నావు కదా, వినమన్నాను. కొల్లేటికోట గురించి ఇక్కడ పెద్దలు చెప్పుకునే కథ ఒకటుంది. గజపతుల కోట సరస్సు మధ్యలో. శత్రువు చిగురుకోట దగ్గర దిగాడు. కోట కనిపిస్తోంది, చేరే దారి లేదు, చుట్టూ నీళ్ళు. అప్పుడు సముద్రానికి కాలవ తవ్వి సరస్సు నీళ్ళు దింపేశారట. అదే ఉప్పుటేరు అంటారు. ఆ పని కోసం సేనాని తన కూతుర్నే బలిచ్చాడని, అందుకే దాన్ని పేరంటాళ్ళ కనుమ అంటారని చెబుతారు. ఎవరి నోట విన్నా కొంచెం తేడాగా ఉంటుంది. ఎలా విన్నా రొమెరో కిటికీ అదే కదా! ముందు కోట చూపించు. దారి దాచు. నీళ్ళు దించే పని ఆడేవాడి చేతిలో పెట్టు. నీళ్ళు దిగేకొద్దీ అడుగున ఉన్నది బయటపడనీ. మొదట మునిగిన దోనెలు, తర్వాత తెగిన గట్లు, ఆఖరున నౌక ముక్కు. ఇక గట్టు సంగతంటావా, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు పగలగొట్టినప్పుడు నేను చూశాను. గండి పడ్డ గట్టు పక్కన బోర్లా పడ్డ మేత డ్రమ్ము ఒకటి ఉంది. ఆ ఊరి మీద ఏం జరిగిందో అదొక్కటే చెప్పింది నాకు.

వాడు బుద్ధిగా ఫోనులో రాసుకున్నాడు. ఆ రాత్రి వాడూ నాకొకటి చూపించాడు, న్యాయంగా చెప్పాలి కదా. 2023లో వచ్చిన మైహౌస్ అనే డూమ్ మ్యాపు. మాలాగే ఎవరో తమ ఇల్లు కట్టుకున్నట్టు మొదలవుతుంది. మామూలు ఇల్లు, మామూలు తలుపులు. మెట్లెక్కాను. పైన గది ఉంది! కిందా గది, పైనా గది, అదీ డూమ్‌లో. ఇప్పటి ఇంజన్లలో కుదురుతుందట. ఇంకాసేపు తిరిగేసరికి ఇల్లు నాకు తెలియకుండానే మారిపోతోంది. బాణం లేదు, రేడియో లేదు. ఒంటిగంట దాకా ఆడాను. మా నాన్నగారు ఉంటే చూపించేవాణ్ణి.

నిన్న మావాడు కొత్త లెవెల్ పంపాడు. బాణం తీసేశాడు. గట్టు మలుపులో గూడబాతులు లేస్తే అటు పోయాను, దారి అక్కడే ఉంది. తూము తిప్పితే నీళ్ళు దిగాయి. లెవెల్ బాగుంది. రేడియో వాడు మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.