గంటేగా బాబాయి

కోనసీమలో ప్రతి వంశానికీ ఒక గంటేగా బాబాయి ఉంటాడు. హైదరాబాదు వెళ్ళాలన్న మాట ఎవరి నోట వచ్చినా చాలు, పడక్కుర్చీలోంచి లేవకుండానే "ఎంతసేపురా, గంటేగా!" అనేస్తాడు.

ఆయన దగ్గర లెక్క ఉంది. మధురపూడి, శంషాబాదు విమానాశ్రయాలు రెండూ ఇంచుమించు 17వ అక్షాంశం మీదే ఉన్నాయి. పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే 360 కిలోమీటర్లు. రోడ్డు మీదైతే బెజవాడ చుట్టూ తిరిగి 400 పైచిలుకు. ఏటీఆర్ విమానం గంటకి 500 పోతుంది కాబట్టి 43 నిమిషాలు. "గంట అంటున్నానంటే, పోనీలే పాపం అని కలిపి చెబుతున్నాను" అంటాడు. గన్నవరం నుంచి విశాఖ అడగండి: 290 కిలోమీటర్లు, 35 నిమిషాలు. ఆ విమానం ఆయన ఎక్కలేదు. ఎక్కక్కర్లేదు కూడా.

టికెట్టు మీద గంట దాటి ఉంటుందే అని ఏ కుర్రాడైనా నసిగితే, "అది వాళ్ళ జాగ్రత్త" అని కొట్టిపారేస్తాడు. టికెట్టు మీది సమయం విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పుడు మొదలై, అవతల నిలిపినప్పుడు ముగుస్తుంది. రన్‌వే దాకా దొర్లడం, పైకెక్కడం, దిగడం, శంషాబాదు మీద మన వంతు వచ్చేదాకా ఆగడం, అన్నీ అందులోవే. ఆ 500 వేగం మధ్యలో కాసేపే. ఇవేవీ బాబాయి లెక్కలోకి రావు; నేల తగిలితే ఆయన గడియారం ఆగిపోతుంది.

కిటికీ సీటులో బాబాయిని చూడాలి. ఫోను అద్దానికి ఆనించి, జీపీఎస్ చూసుకుంటూ, పక్కనున్న పెద్దాయన్ని నిద్ర లేపి మరీ, "కింద సూర్యాపేటండీ! బస్సులో అయితే ఇక్కడ టీకి ఆపుతాడు" అంటాడు. ఆ గొంతులో పొంగే విజయగర్వం ముందు ఆ పెద్దాయన నిద్ర ఎంత!

మొన్న మనవడి గృహప్రవేశం కూకట్‌పల్లిలో. ముహూర్తం పొద్దున్నే. పిన్ని ముందురోజు రాత్రే గౌతమి ఎక్కేసింది. "రాత్రంతా రైల్లోనా? నేను గంటలో వస్తాను" అని బాబాయి తెల్లారాక అమలాపురంలో కారెక్కాడు. రావులపాలెం మీదుగా మధురపూడికి రెండు గంటల పైన. కౌంటరు మూసేస్తారని ముందే చేరి, అక్కడ కూర్చున్నాడు. శంషాబాదులో పెట్టె కోసం నిలబడ్డాడు. అవుటర్ రింగు రోడ్డు ఎక్కి, దిగి, కూకట్‌పల్లి ట్రాఫిక్కులో చిక్కుకున్నాడు.

ఆయన వచ్చేసరికి పాలు పొంగి, వ్రతం అయి, పంక్తులు లేచిపోయాయి. వంటవాళ్ళు గిన్నెలు కడుగుతున్నారు. పిన్ని విస్తట్లో మిగిలిన పులిహోరా పెరుగన్నం పెడుతూ, "ఎన్నింటికి బయల్దేరారేంటి?" అంది.

"ఇంటి దగ్గర్నుంచా? అదెందుకే ఇప్పుడు? విమానం ఎన్నింటికి లేచిందో అడుగు" అన్నాడు బాబాయి, ఆవకాయ ఇటు జరపమంటూ. "ఎక్కడా ఆగలేదు. గంటంటే గంటే!"