ఒరిజినల్‌గారు

పాత మోటారు సైకిలు కంపెనీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అచ్చం అలాగే మళ్ళీ నిలబెట్టాలని కంకణం కట్టుకున్న గృహస్థును ఒరిజినల్‌గారు అనడం సబబు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకలు ఈ జాతికి అనువైన చోట్లు. వృత్తి చేపల చెరువులు కావచ్చు, బియ్యం మిల్లు కావచ్చు, బడిపంతులు ఉద్యోగమూ కావచ్చు. ఆనవాళ్ళు మూడు: గోళ్ళలో గ్రీజు, చొక్కా జేబులో వెర్నియర్, నోట్లో ‘ఇది డూప్లికేటండి’ అన్న మాట. కూతురికి సంబంధం చూడబోయినా వియ్యంకుడి ముఖం కన్నా ముందు ఆయన వాకిట్లో బండి టాంకు చూస్తారు.

వీరిలో శైవ వైష్ణవాల్లాంటి శాఖలు రెండు. ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీ భాగస్వామ్యంతో 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్ శాఖకు మూలం. మొదట్లో సామాను అక్కణ్ణుంచి వస్తే ఇక్కడ బిగించేవారు. తరవాత్తరవాత అన్నీ తిరువొత్తియూరులోనే తయారయ్యాయి. అందుకని ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అచ్చున్న నట్టు కనబడితే వీరు సాలగ్రామంలా కళ్ళకద్దుకుంటారు. జావా శాఖది చెకొస్లొవేకియా గోత్రం. మైసూరు ఐడియల్ జావాలో 1961లో ఉత్పత్తి మొదలై, 1973 నుంచి యెజ్డీ పేరుతో సాగి, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు, కిక్కుకూ గేరుకూ కలిపి ఒకటే రాడ్డు ఈ బండి విశేషాలు. ఆ పాత కంపెనీయే లేదు కనుక సామాను దొరకడం కష్టం. కష్టం కనుక జావా వారి మాటల్లో ఒక మెట్టు గర్వం.

సామాను వేట మూడు అంచెలు. మొదటిది పాత ఇనప సామాను కొట్టు. కావలసిన వస్తువు కంటబడినా ఒరిజినల్‌గారి ముఖం మారకూడదు. విరిగిన తాళం ఒకటి, తలుపు బందు ఒకటి బేరమాడి, లేస్తూ లేస్తూ అడగాలి.

“ఈ తుప్పు ముక్క కూడా ఇందులో పడెయ్యవయ్యా.”

“ఆ ముక్క కోసమే కదండీ తమరు మూడుసార్లొచ్చారు. పన్నెండొందలండి, ఆయ్.”

రెండో అంచె కొల్లేటి లంకలు. అక్కడ బండి ఎక్కడా బండిగా కనబడదు. బుల్లెట్ ఫ్లైవీలు తాటిదోనెకు లంగరై ఉంటుంది. జావా మడ్‌గార్డులో కోళ్ళు నూకలు తింటుంటాయి. లంగరు అడిగితే దోనె ఆసామి ఒప్పుకోడు. బాగా పట్టు ఇస్తోందంటాడు. చివరికి కొత్త లంగరు, పైన కొంత సొమ్ము ఇచ్చి, బురద కారే ఫ్లైవీలును తువ్వాల్లో చుట్టి ఇంటికి తెస్తారు. ఆ తువ్వాలు ఎవరిదన్నది ఇంట్లో తేలుతుంది.

మూడో అంచె దూరదేశం. విజయవాడ ఆటోనగర్, మద్రాసు పుదుపేట గాలించాక ఇంగ్లండుకు ఆర్డరు వెళుతుంది. మద్రాసు బుల్లెట్లు 1977 నుంచే ఇంగ్లండుకు ఎగుమతి అవుతున్నాయి. అందువల్ల రెణ్ణెల్లు కాచుకుని విప్పిన పొట్లంలో ‘మేడ్ ఇన్ ఇండియా’ అని కనబడడం కద్దు. పొట్లం విప్పిన సంగతి అప్పుడు వీధిలో ఎవరికీ చెప్పరు.

దొరకనిది చేయించాలి. చేపల చెరువుల ఆయిల్ ఇంజన్లు, బియ్యం మిల్లుల షాఫ్టులు బాగుచేసే లేతు షాపులే ఇందుకు గతి. పాత ఇంగ్లీషు విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, ఇప్పటి మెట్రిక్ మరది 60. బజారు బోల్టు ఒకటి రెండు చుట్లు నమ్మకంగా ఎక్కి, ఆపైన బిగిసి, లోపలి మరనూ తినేస్తుంది. ఈ తేడా ఒరిజినల్‌గారికి పుస్తకంలో తెలుసు, లేతు మేస్త్రికి చేతిలో తెలుసు.

కనెక్టింగ్ రాడ్డు పైకొసన ఉండే బుష్ సంగతి చూస్తే పని తీరు తెలుస్తుంది. రాగి, తగరం, కాస్త జింకు కలిసిన గన్‌మెటల్ కడ్డీని మేస్త్రి కొలతకు వెంట్రుకవాసి ఎక్కువుంచి తీస్తాడు. వైసులో పెట్టి రాడ్డులోకి నొక్కి, ఆయిల్ చిల్లు వేసి, లోపల రీమరు తిప్పుతాడు. నూనె రాసిన పిస్టన్ పిన్ను బొటనవేలితో నెడితే మెల్లగా జారాలి. దానంతటదే పడితే వదులు. సుత్తి అడిగితే బిగుతు. పిన్ను జారుతుంది. ఒరిజినల్‌గారు మాత్రం పెదవి విరుస్తారు.

“కొత్తదని తెలిసిపోతోందయ్యా, మరీ మెరుస్తోంది.”

“ఇంజన్లో ఎవరు చూస్తారండీ బాబూ?”

“నాకు తెలుస్తుందిగా!”

చెయ్యి కుదిరింది కదాని మేస్త్రి అదే కొలతకు ఇంకో బుష్ తీసి అరలో పడేస్తాడు.

టాంకు మీది బంగారు గీతలకు స్టిక్కరు పనికిరాదు. ఫ్లెక్సీలొచ్చాక పని తగ్గిన బోర్డు పెయింటరు ఊపిరి బిగబట్టి, చేత్తోనే లాగాలి. లైటు ఆరు వోల్టులదే ఉండాలి. అది చీకటిని చూపించేపాటి వెలుగే ఇస్తుంది కనుక, చెరువుగట్ల మీద రాత్రిపూట ఒరిజినల్‌గారు వెనకొచ్చే కొత్త బండి లైటులో దారి చూసుకుంటూ ఆ బండినే ఈసడిస్తారు.

ఇక కాగితాలు. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్‌లోనూ ఇంజన్‌లోనూ పెద్ద మార్పులు లేని సొంత బండిని వింటేజిగా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము ఇరవై వేలు. రోజువారీ తిరుగుడుకు మాత్రం వాడరాదు. ఆ షరతు చదివి ఇంట్లోవాళ్ళు ఊరట పడతారు. బండి ఇదివరకూ రోజూ తిరిగింది లేదు.

జీవితచక్రం ముగిసేది మొదలైన చోటే. లేతు షాపు అర సర్దినప్పుడు ఆ రెండో బుష్ తుక్కుతో కలిసి పాత ఇనప కొట్టుకు చేరుతుంది. రెండు వానాకాలాలకు దానికి పచ్చటి చిలుము పడుతుంది. ఒరిజినల్‌గారు వస్తారు, తాళం బేరమాడతారు, లేస్తూ లేస్తూ బుష్ చేతిలోకి తీసుకుని వెర్నియర్ పెడతారు. కొలత అక్షరాలా సరిపోతుంది. అడిగినంతా ఇచ్చేసి, తిన్నగా లేతు షాపుకు వెళ్ళి మేస్త్రి ముందు పెడతారు.

“చూశావా, ఇదీ ఇంగ్లండువాడి చెయ్యి!”

మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చిలుము తుడిచి, తిరిగిస్తాడు.

“ఆయ్, మంచి చెయ్యేనండి.”