పికప్పు బండి పద్యం: టీకా తాత్పర్య విశేషాలు

మూలం.

బరువు తెలిసి కొనుము బండిని తమ్ముడా
దారి తెలిసి యెంచు దాని గుండె
మైలు లెక్క కన్న మరమత్తు మేస్త్రియే
చేరువైన బండి చెడని బండి

అవతారిక. నంద్యాలలో పికప్పు కొనాలనుకునేవాడికి సలహాలకు కొదవ లేదు. రైస్ మిల్లు ముందు అడిగితే బొలెరో తప్ప మరొకటి వద్దంటారు. పాలక్యాన్లు తోలేవాళ్లు టాటా ఏస్ చాలంటారు; జనం నోట్లో అది టాటా ఏసీ, చల్లగాలికీ దానికీ సంబంధం లేదు. ఆళ్లగడ్డ శిల్పుల షెడ్ల దగ్గర అడిగితే ఇంజన్ పెద్దది చూసుకోమంటారు. అందరూ అనుభవజ్ఞులే, అందరూ చెప్పేది నిజమే, అందుకే కొనేవాడికి ఏమీ తేలదు. ఇలాంటి తగువు తీర్చడానికి ప్రమాణంగా ఒక పద్యం ఉండాలి. పికప్పు మీద పూర్వకవులెవరూ చెప్పలేదు కనక పై ఆటవెలదిని వ్యాఖ్యాతే కట్టుకోవలసి వచ్చింది. మల్లినాథసూరికి కాళిదాసు దొరికాడు, అది ఆయన అదృష్టం. కవీ వ్యాఖ్యాతా ఒక్కడే అయితే మాత్రం ఒక సుఖం ఉంది: కవిహృదయం అది కాదని ఎవరూ అడ్డం రాలేరు.

ప్రతిపదార్థం. తమ్ముడా = ఓ తమ్ముడా (షోరూముకు తోడు రమ్మని అన్నను పిలిచినవాడా అని భావం); బరువు తెలిసి = రోజూ ఎక్కేదెంతో ఊహించి కాక కాటా మీద పెట్టి; బండిని కొనుము = ఫైనాన్సులోనైనా సరే కొనుము; దారి తెలిసి = పోయేది ఊళ్లోనా, హైవే మీదా, ఘాట్లోనా అని చూసుకుని; దాని గుండె = ఇంజన్ని; యెంచు = ఏరుకో; మైలు లెక్క కన్న = లీటరుకు ఎన్ని కిలోమీటర్లనే ప్రశ్న కంటె; మరమత్తు మేస్త్రియే చేరువైన బండి = పిలిస్తే మెకానిక్ వచ్చే బండి; చెడని బండి = చెడని దానితో సమానం.

తాత్పర్యం. నమ్మకం ఇంజన్‌లో ఒక్కచోట ఉండేది కాదు. మోసే బరువు, తిరిగే దారి, బాగుచేసే మనిషి, ఈ మూడింటితో ఇంజన్‌కు పొత్తు కుదిరితే బండి నమ్మకమైనది. కుదరకపోతే ఎంత పేరున్న కంపెనీదైనా షెడ్డు పాలే.

విశేషార్థాలు. బండి మాట రాగానే అందరూ ముందు ఇంజన్ సంగతి అడుగుతారు. కవి దాన్ని రెండో పాదం చివరికి నెట్టి, బరువును ముందుకు తెచ్చాడు. కారణం ఉంది. సరుకు బండిలో ముందుగా చేతులెత్తేసేది సాధారణంగా ఇంజన్ కాదు. క్లచ్ ప్లేటు, వెనక చక్రం బేరింగు, కమాన్ పట్టీ, బ్రేకు లైనర్లు. ఇవన్నీ బరువుకు జవాబుదారులు. వడ్ల బస్తా 75 కిలోలు. 1.7 టన్నులు మోసే బొలెరో పికప్పుకు న్యాయంగా ఎక్కేవి 22 బస్తాలు. కోతల కాలంలో 30 ఎక్కిస్తే 2,250 కిలోలు, అంటే అయిదున్నర క్వింటాళ్లు అదనం. కమాన్‌కు ఇంకో పట్టీ వేయించి ఇక ఎంతైనా మోస్తుందని ధీమాగా ఉండటం మామూలే. పట్టీ వేస్తే వెనకభాగం కుంగదు, అంతవరకే. యాక్సిల్‌కూ బ్రేకులకూ ఆ పట్టీ సంగతి తెలియదు. ఆరునెలలకు క్లచ్ పోతే అప్పుడు కంపెనీని తిడతారు.

రాతి సంగతి మరీ చిత్రం. గ్రానైటు ఘనపుటడుగు సుమారు 76 కిలోలు తూగుతుంది, అంటే ఒక వడ్ల బస్తా. అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల మందం ఉన్న దిమ్మె ఇరవై ఘనపుటడుగులు, ఇంచుమించు ఒకటిన్నర టన్ను. కంటికి ట్రాలీలో మూలన పడి ఉన్నట్టే ఉంటుంది, అందుకే పక్కన ఇంకొకటి పెట్టబుద్ధేస్తుంది. పైగా ఇరవై బస్తాలు ట్రాలీ అంతటా పరుచుకుంటాయి. దిమ్మె తన బరువంతా ఒక్కచోటే మోపుతుంది. కాబట్టి ఆళ్లగడ్డ వాడికీ నంద్యాల మిల్లు వాడికీ కాగితం మీద బరువు ఒకటే అయినా కావలసిన బండి ఒకటి కాదు. ఇంజన్ పెద్దది చూసుకోమన్న సలహా ఇక్కడే దారి తప్పుతుంది: దిమ్మె కింద నలిగేవి చాసిస్సూ కమాన్లూ.

ఇక గుండె. పెద్ద ఇంజన్, ఎక్కువ పవరు ఒకటేనని చాలామంది అనుకుంటారు. మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు బళ్లు చూడండి. సరుకు తోలే డీ-మ్యాక్స్‌లో 2.5 లీటర్ల ఇంజన్, పవరు 78 హార్స్‌పవరు. షోకుకు కొనే వీ-క్రాస్‌లో 1.9 లీటర్ల ఇంజన్, పవరు 163. చిన్న గుండెలోంచి రెండింతలకు పైగా పిండారు. సరుకు బండిలో కావాలనే తక్కువ పిండారు. రోజంతా బరువుతో రెండో గేరులో ఈడ్చేవాడికి ఆ నిదానమే కావాలి. రెండున్నర లీటర్ల బొలెరో పికప్పుదీ ఇదే వరస. 2005లో టాటా ఏస్ 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌తో, పదహారు హార్స్‌పవరుతో వచ్చి మన సందులన్నీ ఆక్రమించింది. దాని మీద రెండు టన్నులు వేసినవాళ్ల గోడు వేరు, దాని లెక్కలో దాన్ని నడిపినవాళ్ల సుఖం వేరు.

పూర్వపక్షం: పాత డీజిల్ ఇంజన్లే మేలు, కొత్తవన్నీ సెన్సార్ల పుట్టలు. ఇందులో నిజం లేకపోలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చాక డీజిల్ బళ్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే జల్లెడ చేరింది. మసిని అది పట్టి ఉంచుతుంది. పట్టిన మసి కాలిపోవాలంటే ఆ గొట్టంలో సుమారు 600 డిగ్రీల వేడి పుట్టాలి. నూనెపల్లె నుంచి బొమ్మలసత్రం దాకా పోయి, సరుకు దించి, ఇంజన్ ఆపి, మళ్లీ బయల్దేరే బండికి ఆ వేడి పుట్టదు. మసి పేరుకుంటుంది, డ్యాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది. దీపం వెలిగినప్పుడే హైవే ఎక్కి ఒకే వేగంతో కాసేపు తోలితే చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది. పట్టించుకోకపోతే బండి పవరు తగ్గించుకుని ముక్కుతూ మూలుగుతూ షెడ్డుకు చేరుతుంది. అదే బండి నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు, అక్కణ్నించి కడప వైపు 40వ నంబరు జాతీయ రహదారి మీద రోజూ పోయేదైతే ఈ రోగమే అంటదు. ఇంజన్ ఒకటే, దారి వేరు. ‘దారి తెలిసి’ అనడంలో ఆంతర్యం ఇదే.

కొన్ని డీజిల్ మోడళ్లలో డీఈఎఫ్ అనే ద్రవం కూడా పోయాలి. అది నూటికి 32.5 పాళ్లు యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్లు. యూరియా కోసం సొసైటీ ముందు చెప్పులు వరసలో పెట్టే రైతుకు ఈ సంగతి చెబితే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇంట్లో బస్తా ఉందిగా, కలిపి పోద్దామనే తెలివి మాత్రం పనికిరాదు. 2015 నుంచి పొలానికిచ్చే యూరియా అంతా వేపనూనె పూత పూసినదే; పైరుకు మంచిది, డీఈఎఫ్ పంపుకు విషం.

అయితే పాత బండే కొనుక్కుందామంటారా? కొనుక్కోవచ్చు, మేస్త్రీ పక్కనే ఉన్నాడు, సామాను దొరుకుతుంది, పద్యానికి విరుద్ధం కాదు. కానీ సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటేటా చేయించాలి, అంతకు ముందు రెండేళ్లకోసారి. పాత ఇంజన్ సులువు నిజమే. పాత యాక్సిల్, పాత చాసిస్ కూడా దానితోపాటే వస్తాయి, అంతకు ముందు యజమాని ఎక్కించిన ముప్పై బస్తాల చరిత్రతో సహా. ఊళ్లోనే తిరిగేవాడు పాతదానికి పోకుండా డీజిల్‌నే మానుకోవడం నా లెక్కలో సరైన దారి. చిన్న పెట్రోలు బళ్లకు ఈ జల్లెడ గొడవ లేదు. పెట్రోలు ఎక్కువ తాగుతుందంటారు, తాగుతుంది. తిరిగేదే తక్కువైనవాడికి ఆ తేడా ఎంతని? సీఎన్‌జీ ఇంకా చవక, కానీ రోజూ పోయే దారిలో బంకు ఉంటేనే. నిండు బరువుతో గాజులపల్లె దాటి గిద్దలూరు ఘాటెక్కేవాడికి దాని నీరసం కనిపిస్తుంది. కేసీ కాలువ గట్ల పక్కన నల్లరేగడిలో వాన పడ్డాక దిగేవాడికైతే ఏ ఇంజనూ చేసేది లేదు. ఎంత పవరుంటే అంత లోతుగా చక్రం గుంత తవ్వుతుంది. అక్కడ ట్రాక్టరే దిక్కు.

‘మైలు లెక్క కన్న’ అన్నాడు గానీ మైలు లెక్క వద్దనలేదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయి వస్తే సుమారు 80 కిలోమీటర్లు. లీటరుకు 14 ఇచ్చే బండికి 5.7 లీటర్లు, 12 ఇచ్చే దానికి 6.7. తేడా ఒక లీటరు. ఈ లీటరు కోసం గంటసేపు వాదించినవాడు, సెన్సార్ కోసం బండి మూడు రోజులు నిలబడితే మామిడికాయల కాలంలో బనగానపల్లె కిరాయి ఎవరికి పోయిందో లెక్కేసుకోడు. రోజుకు మూడొందల కిలోమీటర్లు తోలేవాడి సంగతి వేరు, అతనికి మూడున్నర లీటర్ల తేడా; అతను మైలేజీ అడగవలసిందే.

పాఠాంతర విచారం. ‘మేస్త్రియే’ అన్నచోట ‘షోరూమే’ అని ఉండాలని సేల్స్ వాళ్లు అనవచ్చు. వారంటీ ఉంది, కంప్యూటరు ఉంది, ఒరిజినల్ సామాను ఉంది అంటారు. వారంటీ విలువైనదే, కొత్త బండికి అది ఉన్నన్నాళ్లూ అక్కడికే పోవాలి. కానీ వారంటీ సామానుకు డబ్బిస్తుంది, పోయిన రోజును ఇవ్వదు. బీఎస్-6 బళ్లలో లోపమేదో బండే కోడు రూపంలో చెబుతుంది; స్కానర్ పెట్టి ఆ కోడు చదవగలిగినవాడు సొంత ఊళ్లో ఉంటే అతనే మేస్త్రి, చదివాక సామాను అదే రోజు తెప్పించగలిగితే మహామేస్త్రి. కొనేముందు అడగవలసింది, ఆ మోడల్ ఇంజెక్టరు నంద్యాలలో దొరుకుతుందా, కర్నూలు నుంచి రావాలా, ఇంకా దూరమా అని. పైగా ‘షోరూమే’ వరసగా మూడు గురువులు. ఇంద్రగణాల్లో అలాంటిది లేదు కనక గణభంగం. ఆ పాఠం అగ్రాహ్యం.

2022లో వచ్చిన టయోటా హైలక్స్ లాంటివి, 2.8 లీటర్లు, 204 గుర్రాలు, ఈ పద్యానికి లక్ష్యం కావు. వాటి ట్రాలీలో ఎక్కే బరువు ఎక్కువగా పరపతి. దానికి కాటా లేదు.

చివరి శంక ఒకటి మిగిలింది. ఏడాదిలో నాలుగు రోజులు పెద్ద బరువు, మిగతా రోజులన్నీ చిన్న బరువు ఉన్నవాడు ఏ బరువు తెలిసి కొనాలి? ఆ నాలుగు రోజులను తలచుకుని కొనేవాళ్లే ఎక్కువ, ఏడాదంతా ఖాళీ ట్రాలీకి కంతులు కట్టేదీ వాళ్లే. రోజువారీ బరువుకే కొనాలి. ఆళ్లగడ్డ శిల్పికి రోజూ కావలసింది రంపాలు, పాలిష్ సామాను, చిన్న విగ్రహాలు. దానికి చిన్న బండి చాలు. ధ్వజస్తంభమో పదడుగుల విగ్రహమో బయల్దేరే రోజు లారీ మాట్లాడుకోవాలి. ఎక్కించడానికి క్రేను ఎలాగూ బయటినుంచి రావలసిందే, లారీ కూడా ఆ కిరాయిలోనే కలిపి బేరమాడొచ్చు.