నా వీపు మీది అంకె

నేను అల్యూమినియం మిశ్రమంతో పోతపోసిన పదహారంగుళాల చక్రాన్ని. కావలి ఊరిని ఆనుకుని పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఓ చిన్న కారును మోస్తున్నాను. నన్ను విప్పి బోర్లా పడుకోబెడితే బోల్టు రంధ్రాల దగ్గర పోతలోనే వేసిన గుర్తులు రెండు కనిపిస్తాయి: 7.5 జె, ఇటి 35. మొదటిది నా వెడల్పు, అంగుళాల్లో. రెండోది ఆఫ్‌సెట్, మిల్లీమీటర్లలో. హబ్‌కు ఆనే నా ముఖం నా నడిమి గీత నుంచి ఎంత బయటికి ఉందో అది చెబుతుంది. చక్రాలు మార్చాలనుకునేవాళ్ళు వెడల్పే ముందు అడుగుతారు. ముందు అడగాల్సింది ఆ రెండో అంకె అని నా వాదన.

లెక్క చూడండి. కంపెనీ బిగించిన చక్రం 6 అంగుళాలు, ఇటి 45. నేను దానికన్నా ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు ఎక్కువ. అది రెండు పక్కలా 19 చొప్పున పంచుకుంటుంది. ఆఫ్‌సెట్ 10 తగ్గింది కాబట్టి నేను మొత్తంగా పది బయటికి జరిగాను. అంటే మడ్‌గార్డు వైపు 29, షాకబ్సార్బర్ వైపు 9. ఈ రెంటికన్నా నన్ను కలవరపెట్టేది ఆ నడిమి పదే. స్టీరింగ్ తిరిగే రేఖ నేలను ఎక్కడ తాకాలో, టైరు నడుమ దానికి ఎంత దూరంలో ఉండాలో కారు గీసినప్పుడే లెక్కగట్టారు. ఆ దూరం మారితే గుంట దెబ్బ నేరుగా చేతుల్లోకి వస్తుంది, ఒక పక్క చక్రం ఇసుక మీద ఉండగా బ్రేకు వేస్తే స్టీరింగ్ లాగుతుంది, బేరింగ్ మీద బరువు పెడగా పడుతుంది.

బిగించి చూశాం, ఎక్కడా తగల్లేదు కదా అంటారు. అది ఖాళీగా నిలబడ్డ కారు మాట. ఐదుగురు ఎక్కి, డిక్కీ నింపుకుని తుమ్మలపెంట తీరానికి పోతూ, స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుంటలో దిగినప్పుడు కదా తగలాల్సింది. వెడల్పైతే పట్టు పెరుగుతుందనేది పెద్ద వాదనే, కానీ పట్టు టైరుది, నాది కాదు. 195/55 ఆర్16 టైరుకు తగిన రిమ్ వెడల్పు 5.5 నుంచి 7 అంగుళాలు. దాన్ని సాగదీసి నా మీద ఎక్కిస్తే దాని గోడలు లోపలికి వాలిపోతాయి, నా అంచు బయటపడుతుంది, గుంట రాయి ముందు నన్నే కొడుతుంది. స్పేసర్ వేసుకుంటే సరిపోదా అంటే, పది మిల్లీమీటర్ల స్పేసర్ నన్ను ఇంకో పది బయటికే నెడుతుంది. పైగా సముద్రపు ఉప్పు గాలిలో అల్యూమినియం స్పేసర్ ఉక్కు హబ్‌కు పట్టేసుకుంటుంది, విప్పబోతే రాదు.

ఈ కారుకు 6.5 జె, ఇటి 45 కావాలి. అప్పుడు రెండు పక్కలా ఆరేసి మిల్లీమీటర్లే పెరుగుతాయి, నడిమి గీత ఉన్నచోటే ఉంటుంది. నా పోతలో లోపం లేదు. హబ్‌కు బయట ఇంకాస్త చోటున్న పెద్ద కారు కింద ఈ 35 సరైన అంకె.